స్లాబ్ పడితేనే బిల్లు: ఓరుగల్లు ఇళ్లు ఇంతగా ఎందుకు ఉడికిపోతున్నాయి

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 2028 కల్లా రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను ఎండను తిప్పికొట్టే తెల్లటి పూతలతో, టైల్స్‌తో చల్లబరచాలన్నది లక్ష్యం, అందులో 200 హైదరాబాద్‌కే, మిగతా రాష్ట్రమంతటికీ కలిపి 100. సొంత ఇళ్ల విషయంలో 600 గజాలు, ఆపైన స్థలం ఉన్నవాళ్లకే ఇది తప్పనిసరి. హన్మకొండలో, కాజీపేటలో, వరంగల్‌లో మామూలు కాలనీ ప్లాట్లు ఎంతుంటాయో అందరికీ తెలుసు, నూరు గజాలు, నూట యాభై గజాలు, బాగా ఉన్నవాళ్లయితే రెండు వందలు. అంటే మే నెలలో రాత్రి పదకొండింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమనే ఇళ్లలో చాలా భాగం ఈ రూల్ పరిధిలోకే రావు. ఇళ్లలో కరెంటు పొదుపు కోసం కేంద్రం 2018లో తెచ్చిన నిర్మాణ కోడ్ ఎకో నివాస్ సంహితదీ ఇదే పరిస్థితి, అదీ 500 చదరపు మీటర్ల ప్లాట్ల నుంచే మొదలవుతుంది.

రూల్‌ని తిట్టి లాభం లేదు. అసలు ఈ ప్రాంతంలో ఇళ్లు ఇంత వేడి పెట్టెలుగా ఎట్లా మారాయి, భవన నిర్మాణం నేర్పిన చదువులు ఆ టైమ్‌లో ఏం చేశాయి అన్నది చూడాలి.

ఓరుగల్లులో నిర్మాణం మీద పరిశోధన అనగానే అందరూ రామప్ప దగ్గరికి వెళ్తారు. తప్పేం లేదు, 1213 నాటి గుడి, కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించింది, గుంత తవ్వి ఇసుక నింపి దాని మీద పునాది లేపారు, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. ఇక్కడి ఎన్‌ఐటీలో పనిచేసి రిటైరైన ప్రొఫెసర్లు, కాకతీయ హెరిటేజ్ ట్రస్ట్ వాళ్లు ఏళ్ల తరబడి దీని మీద పనిచేశారు, 2021 జులైలో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఆ పరిశోధన చాలావరకు గుళ్ల చుట్టూ, కోట చుట్టూ తిరిగింది. అదే నేల మీద మామూలు మనుషులు కట్టుకున్న మట్టిగోడ, గూన పెంకల ఇల్లు ఎట్లా చల్లగా ఉండేదో కొలిచి రాసిపెట్టిన పని దాని ముందు చాలా తక్కువ. గుడికి టూరిస్టు వస్తాడు, పెంకుటింటికి ఎవరొస్తారు?

ఆ ఇంటి లెక్క చాలా సింపుల్. గోడ మూరెడు మందం ఉండేది. పొద్దంతా తాగిన ఎండ లోపలికి చేరేసరికి సాయంత్రం దాటేది, అప్పటికి జనం మంచాలు వేసుకుని వాకిట్లో ఉండేవాళ్లు. పైన వాసాలు, వాటి మీద గూనలు, గూనల సందుల్లోంచి వేడి గాలి బయటికి పోయేది. కాస్త ఉన్నవాళ్ల భవంతికైతే మధ్యలో ఆకాశం కనిపించేలా ఖాళీ, గోడలకు గానుగలో నూరిన డంగు సున్నం. ఇప్పటి నాలుగైదు అంగుళాల కాంక్రీట్ స్లాబ్ దీనికి పూర్తిగా రివర్స్. పొద్దున్నుంచీ ఎండను తాగి, సరిగ్గా మనం పడుకునే టైమ్‌కి గదిలోకి వదులుతుంది. ఎకో నివాస్ సంహిత పైకప్పు గుండా ఎంత వేడి లోపలికి రావొచ్చో ఒక హద్దు పెట్టింది, పైన ఏ పూతా లేని స్లాబ్ ఆ హద్దుకి రెట్టింపు కంటే ఎక్కువే వదులుతుంది.

మరి ఆ ఇల్లు ఎందుకు పోయింది? జనానికి తెలివిలేక కాదు, ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే సెమినార్లలో దీన్ని తరచూ "మన సంప్రదాయాన్ని మనమే మర్చిపోయాం" అని తేల్చేస్తారు.

మొదటి కారణం, సిమెంటు మన పక్కకే వచ్చింది. మంచిర్యాలలో 1950ల్లోనే ఫ్యాక్టరీ పడింది, 1960ల చివర్లో రామగుండం పక్కన బసంత్‌నగర్‌లో ఇంకోటి. సున్నం బట్టీలకు పనికొచ్చే రాయే సిమెంటుకీ ముడిసరుకు. సిమెంటు మీద ప్రభుత్వ కంట్రోల్ 1982లో కొంత, 1989లో పూర్తిగా పోయాక బస్తా ఊరూరా దొరికింది. డంగు సున్నాన్ని గానుగలో తిప్పి, నానబెట్టి, రోజులకు రోజులు ఆగే ఓపిక మేస్త్రీకీ లేదు, కట్టించుకునేవాడికీ లేదు. ఇంకోపక్క 1980 అటవీ సంరక్షణ చట్టం తర్వాత అడవి మీద కట్టుబాట్లు పెరిగాయి, దూలాలకు, వాసాలకు టేకు దొరకడం కష్టమైంది, దొరికినా ధర చూస్తే గుండె గుభేల్.

రెండోది డబ్బు కాదు, మర్యాద. ఉత్తర తెలంగాణలో సున్నం గోడల పెద్ద కట్టడం అంటే గడి, గడి అంటే దొర, దొర అంటే వెట్టి. 1978లో జగిత్యాల, సిరిసిల్లల్లో రైతుకూలీ పోరాటాలు ఊపందుకున్నాక చాలామంది దొరలు గడులు వదిలి పట్నం చేరారు. మట్టిల్లేమో పేదరికానికి గుర్తు, ప్రతి వానాకాలానికి ముందు గూనలు సర్దాలి, పండక్కి పండక్కి అలకాలి, ఆ చాకిరీ అంతా ఇంట్లో ఆడవాళ్ల నెత్తినే. ఈ రెండింటికీ చెందని ఇల్లు స్లాబ్ ఇల్లు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కి పోయినవాళ్లు పంపిన దుబాయ్ పైసలతో మొదట లేచింది అదే. దాని మీద నిలబడి ఊరంతా చూడొచ్చు, రేపు పైన ఇంకో అంతస్తు వేయొచ్చు. ఆ కోరికను వెక్కిరించే హక్కు ఏసీ గదిలో కూర్చుని మట్టి వాసన గురించి రాసేవాళ్లకు లేదని నా అభిప్రాయం.

మూడోది సర్కారు లెక్క. సర్కారు భాషలో ఇల్లంటే పక్కా లేదా కచ్చా, మట్టిగోడ కచ్చాలో పడుతుంది, అంటే తీసేసి కొత్తది కట్టాల్సిన సరుకు. ఇప్పటి ఇందిరమ్మ ఇళ్ల పథకమే చూడండి, 5 లక్షల సాయం, కనీసం 400 చదరపు అడుగులు, డబ్బు దశలవారీగా వస్తుంది, బేస్‌మెంట్ అయ్యాక కొంత, గోడలయ్యాక కొంత, స్లాబ్ పడ్డాక కొంత. బిల్లులోనే స్లాబ్ ఒక మెట్టు. ఫొటో తీసి అప్‌లోడ్ చేస్తేనే పైసలొచ్చే చోట గూన పెంక గురించి ఆలోచించే ధైర్యం ఎవరికుంటుంది?

ఇక చదువు సంగతి. వరంగల్‌కి 1959లో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ (ఇప్పటి ఎన్‌ఐటీ) వచ్చింది, దేశంలో ఆ కోవలో మొదటిది, నెహ్రూ శంకుస్థాపన చేశాడు. అప్పటి అవసరం ఆనకట్టలు, కాలువలు, వంతెనలు. 1963లో గోదావరి మీద పోచంపాడు ప్రాజెక్టుకీ ఆయనే రాయి వేశాడు. సివిల్ చదివిన పిల్లలు కాంక్రీటు, కడ్డీ లెక్కల్లో ఆరితేరారు, అది దేశానికి పనికొచ్చింది కూడా. ఆర్కిటెక్చర్ చదువు మాత్రం ఇక్కడ కాదు, హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్‌తో కలిసి పెరిగింది, జేఎన్‌టీయూ కిందికి వెళ్లి, 2008లో విడివడి ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్‌కే ప్రత్యేకమైన జేఎన్‌ఏఎఫ్‌ఏయూ యూనివర్సిటీ అయింది. ఓరుగల్లు పిల్లలు ఆర్కిటెక్ట్ కావాలంటే హైదరాబాద్ బస్సెక్కారు, చాలామంది అక్కడే ప్రాక్టీస్ పెట్టుకున్నారు. ఇక్కడ మిగిలింది పర్మిషన్ ప్లాన్ గీసే డ్రాఫ్ట్స్‌మన్, కట్టే మేస్త్రీ, మధ్యలో వాస్తు పంతులు. ఈ ముగ్గురిలో పైకప్పు వేడి ఎవరి సబ్జెక్టూ కాదు.

సస్టైనబుల్ అనే మాట రాష్ట్రంలో గట్టిగా వినపడింది 2004లో, హైదరాబాద్‌లో సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను కలాం ప్రారంభించినప్పుడు. మంచి బిల్డింగే, గ్రీన్ బిల్డింగులకిచ్చే లీడ్ రేటింగుల్లో అన్నిటికన్నా పైదైన ప్లాటినం తెచ్చుకుంది. కానీ అప్పటి నుంచి గ్రీన్ అంటే సర్టిఫికెట్, సర్టిఫికెట్ అంటే ఐటీ కంపెనీ అన్న ముద్ర పడిపోయింది. 2014లో వచ్చిన ఇంధన పొదుపు కోడ్ కూడా పెద్ద వాణిజ్య భవనాల కోసమే.

నగరం విషయంలోనూ అదే చూపు. 2015లో కేంద్రం వారసత్వ నగరాల అభివృద్ధికి తెచ్చిన హృదయ్ పథకానికి ఎంచుకున్న 12 నగరాల్లో వరంగల్ ఒకటి, మరుసటి ఏడాది స్మార్ట్ సిటీ కూడా అయింది. అంత పేరున్న ఊళ్లోనే 2021లో నిజాం కాలపు సెంట్రల్ జైలును నేలమట్టం చేసి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి మొదలుపెట్టారు. ఆసుపత్రి కావాల్సిందే, ఎవరూ కాదనరు. కాకపోతే అంత పెద్ద పాత కట్టడాన్ని కూల్చేముందు గోడ మందం ఎంత, లోపల వేడి ఎంత, ఏ సున్నం వాడారో కొలిచి పెట్టుకుంటే ఆర్కిటెక్చర్ విద్యార్థులకు ఒక సెమిస్టర్ పాఠం అయ్యేది.

ఇప్పటికైనా కొలవడానికి గిర్మాజీపేటలో, ఖిలా వరంగల్ లోపలి వాడల్లో పాత ఇళ్లు కొన్ని ఉన్నాయి. స్టూడియో పేరుతో ఏటా పిల్లలను కీర్తి తోరణాల దగ్గర స్కెచ్‌లు వేయించి వెనక్కి తీసుకుపోయే కాలేజీలు, వచ్చే ఎండాకాలం ఒక పెంకుటింట్లో, పక్కనే ఉన్న ఇందిరమ్మ ఇంట్లో థర్మామీటర్లు పెట్టి నెలరోజులు రాసుకుంటే చాలు, ఆ కాగితం పట్టుకుని హౌసింగ్ ఆఫీసుకు వెళ్లి స్లాబ్ బిల్లుతో పాటు దాని మీద తెల్లపూతకు కూడా నాలుగు వేలో ఐదు వేలో కలపమని అడగొచ్చు.