బీటీ పత్తి చేలో మిగిలే పురుగులు

రాజాం, రామభద్రపురం వైపు ఏ బీటీ పత్తి చేలోనైనా ఒక ఆకు తిప్పి చూడండి. అడుగున పేనుబంక గుంపుగా ఉంటుంది. పచ్చదోమ పిల్లలు అడ్డంగా నడుస్తుంటాయి. ఆ పేనుబంకను తింటూ అక్షింతల పురుగు, ఆ దగ్గర్లోనే వెంట్రుకంత కాడల చివర నిలబడ్డ గుడ్లు. ఆ గుడ్లు అల్లిక రెక్కల పురుగువి. వీటిలో దేన్నీ చంపడానికి పుట్టింది కాదు బీటీ.

బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా జన్యువు వల్ల పత్తి మొక్కే క్రై ప్రొటీన్ తయారు చేసుకుంటుంది. శనగపచ్చ పురుగు కాయ కొరికితే, క్షారగుణం ఉన్న దాని పేగులో ఆ ప్రొటీన్ కరిగి, పేగు గోడ మీది గ్రాహకాలకు అతుక్కుని చిల్లులు పెడుతుంది. సరిపడే గ్రాహకాలు లేని జీవులకు ఏమీ కాదు.

అయితే బీటీ వల్ల కీటకాలు పెరిగాయా, తగ్గాయా? దేనితో పోల్చి అడుగుతున్నారో ముందు చెప్పాలి. 42 క్షేత్ర ప్రయోగాలను కలిపి చూసిన 2007 నాటి విశ్లేషణ ప్రకారం, మందు కొట్టిన మామూలు చేలకంటే బీటీ చేలలో ఇతర కీటకాలు ఎక్కువ. అసలు మందే కొట్టని మామూలు చేలతో పోలిస్తే మాత్రం వాటిలో కొన్ని రకాలు తక్కువ. బీటీని మెచ్చేవాళ్లు మొదటి సగం చెప్పి ఊరుకుంటారు, తిట్టేవాళ్లు రెండో సగం!

చైనాలో ఇది ఇంకా బాగా కనిపించింది. బీటీ వచ్చాక మందులు తగ్గాయి. అక్షింతల పురుగులు, సాలీళ్లు పెరిగి పేనుబంక తగ్గింది. అవే మందులు తగ్గడంతో, అంతకుముందు లెక్కలోకి రాని, రసం పీల్చే మిరిడ్ నల్లులు విజృంభించి పక్క తోటల్లోని పండ్ల చెట్ల మీదా పడ్డాయి.

మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. ఇక్కడ బీటీని ఎక్కువగా పెట్టింది అమెరికన్ పత్తి సంకర రకాల్లో. రసం పీల్చే పురుగులకు అవి తేలిగ్గా లొంగుతాయి. పొందూరు ఖద్దరు నేతకు వాడే కొండపత్తి లాంటి దేశవాళీ పత్తి వాటిని మెరుగ్గా తట్టుకుంటుంది. అమెరికన్ రకాలు తట్టుకోలేవు కాబట్టే బీటీ విత్తనాలకు సాధారణంగా ఇమిడాక్లోప్రిడ్ పట్టించి అమ్ముతారు. అంటే పురుగుమందు విత్తనంతోనే చేలోకి వస్తోంది. ఈ సంగతి వదిలేసి ‘బీటీ ప్రభావం’ అంటే నాకు సగం లెక్కలాగే అనిపిస్తుంది.

ఆపైన గులాబీ రంగు పురుగు. మొదట గుజరాత్‌లో తొలి బీటీ రకాల్లోని క్రై1ఏసీ అనే ప్రొటీన్‌ను తట్టుకుంది, 2006లో వచ్చిన రెండు జన్యువుల రకాన్నీ తర్వాత దాటేసింది. విత్తనంతోపాటు 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ ఇచ్చింది దీన్ని ఆపడానికే. చేను అంచున ఆ మొక్కలుంటే నిరోధకత లేని పురుగులు బతికి, నిరోధకత ఉన్నవాటితో జతకడతాయి. పిల్లలు మళ్లీ బీటీకి లొంగుతాయి. పంట వచ్చేదాంట్లో అంచు వరసలు పురుగుకు వదలమంటే రైతుకు కష్టమే. చాలామంది ఆ ప్యాకెట్ పక్కన పడేశారు.

ఇప్పుడు చేలో గుడ్డిపూలు, అంటే గులాబీ రంగు పురుగు పట్టి విచ్చుకోని పూలు, కనిపిస్తే మళ్లీ స్ప్రేయర్ తీయాల్సిందే. కాయలోపల దూరిన పురుగుకు ఆ మందు సరిగా అందదు. బయట ఆకుల మీద తిరిగే అక్షింతల పురుగు మీద నేరుగా పడుతుంది.