అబెల్ 1689: బరువు తెలిసింది, అది ఎక్కడెక్కడ ఉంది?

కన్యా రాశి దిక్కున, దాదాపు 220 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో అబెల్ 1689 అనే గెలాక్సీల గుంపు ఉంది. 2002లో హబుల్ అంతరిక్ష టెలిస్కోపుకి కొత్తగా బిగించిన ఏసీఎస్ కెమెరాతో దాన్ని ఫొటో తీస్తే, వెనకున్న ముప్ఫై గెలాక్సీలు వందకు పైగా బింబాలై కనిపించాయి. కొన్ని విల్లులా వంగిపోయాయి. గుంపు గురుత్వం కటకంలా వాటి కాంతిని వంచింది మరి.

లోపల మొత్తం పదార్థం ఎంతుందో చెప్పడం తేలికే. ఐన్‌స్టయిన్ వలయం (సరిగ్గా వెనకున్న గెలాక్సీ కాంతి వంగి ఉంగరంలా కనిపించే చోటు) వ్యాసార్థం సుమారు 45 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), అంటే అక్కడ నాలుగున్నర లక్షల కాంతి సంవత్సరాలు. ఆ వలయంలో చదరపు సెంటీమీటరుకి సగటున 0.6 గ్రాముల పదార్థం ఉండాలని లెక్క. ఆరు మిల్లీమీటర్ల నీటి పొరంత, అంతే! కానీ వైశాల్యం అపారం కాబట్టి మొత్తం సుమారు రెండు కోటి కోట్ల సూర్యుల బరువు తేలుతుంది.

చిక్కంతా పంపకం దగ్గరే. పదార్థం నడిమధ్య కుప్పపడ్డా, వలయం దాకా పరుచుకున్నా వలయం సైజు మారదు. అందుకే వేర్వేరు దూరాల్లోని గెలాక్సీల బింబాలు కావాలి: ఎంత వెనకుంటే వలయం అంత పెద్దది. కేంద్రానికి దగ్గరగా, లోపలి నుంచి బయటికి సాగిన చీలికల్లాంటి బింబాలు దొరికితే ఇంకా మంచిది. మధ్యలో సాంద్రత ఎంత నిట్టనిలువుగా పెరుగుతోందో అవే చెబుతాయి.

ముందు ఏ బింబం ఏ గెలాక్సీదో జత కలపాలి. ఒకే రంగు, ఒకే మచ్చలు ఉండాలి; కొన్ని జతల్లో ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉంటుంది. వర్ణపటం తీసి రెడ్ షిఫ్ట్ (దూరాన్ని బట్టి కాంతి ఎరుపువైపు జరిగిన మేర) సరిపోల్చుకోవాలి. ఒక్క జత తప్పినా, పదార్థం పంపకానికి కట్టే లెక్కల నమూనాని మొత్తం అటు లాగేస్తుంది. నమూనాలో ఒకటి రెండు పెద్ద కృష్ణపదార్థ (కంటికి కనిపించకుండా గురుత్వం మాత్రం చూపే పదార్థం) ముద్దలు, వాటితో పాటు గుంపులోని ఒక్కో గెలాక్సీకి ఒక చిన్న ముద్ద పెడతారు. వందల ముద్దల బరువులు విడివిడిగా తేల్చలేం గనక, ప్రకాశాన్ని బట్టి ఒకే సూత్రంతో ఇస్తారు. తర్వాత బింబాలన్నిటినీ వెనక్కి పంపి, ఒకే చోట కలుస్తున్నాయా అని చూస్తారు. ఇంకా కనిపెట్టని బింబం ఫలానా చోట ఉండాలని నమూనా చెప్పి, అది అక్కడే దొరికితేనే నమ్మకం. నా ఉద్దేశంలో, బింబాలు లేని చోట పదార్థం పంపకపు రంగుల పటం చూపించే వివరాలన్నీ నమూనా ఊహే.

వలయానికి బాగా బయట వంపులుండవు. వెనక గెలాక్సీలు కొద్ది శాతం సాగుతాయంతే, పైగా వాటి సహజమైన కోడిగుడ్డు ఆకారం ఆ సాగుడు కంటే చాలా ఎక్కువ. ఒక్కోదాని ఆకారంలో చెదురు 0.3 అనుకుంటే, అది 0.01కి తగ్గడానికి 900 గెలాక్సీల సగటు కావాలి. టెలిస్కోపు తెచ్చే వక్రతను నక్షత్రాల ఆకారం చూసి తీసేయాలి. గుంపులోని గెలాక్సీలు పొరపాటున కలిస్తే సంకేతం పలచబడుతుంది, బరువు తక్కువ తేలుతుంది. అందుకే ముఖ్యంగా గుంపు కంటే ఎర్రగా ఉన్నవాటిని ఏరతారు. ఇంకో ఇబ్బంది: ఉన్న పదార్థాన్ని ఒక నిష్పత్తిలో తగ్గించి, ఆ మేరకు సమానమైన పొర పరిచేస్తే ఆకారాలేమీ మారవు. అది పట్టుకోవాలంటే వెనక గెలాక్సీలు ఎంత పెద్దవయ్యాయో కూడా కొలవాలి.

ఇన్నీ చేసినా, తేలేది మన చూపు వెంబడి నొక్కేసిన లెక్కే. అబెల్ 1689 కేంద్ర భాగంలో, గుంపులోని వేడి వాయువు వెదజల్లే ఎక్స్‌రేలతో కొలిచిన బరువు కటకం చెప్పినదానికంటే బాగా తక్కువ తేలింది. గుంపు మనవైపు పొడుగ్గా సాగి ఉంటే ఈ తేడా చాలావరకు సర్దుకుంటుంది. అందుకే తర్వాతి లెక్కల్లో గుండ్రని గోళం ఊహను వదిలేసి, ఎక్స్‌రే, కటకం కొలతల్ని కలిపి మూడు అక్షాలూ వేరువేరుగా కడుతున్నారు.