కాపలా ఎవరి కోసం? కాబూల్ కూలిన రాత్రికి వెనక కథ

కావలి అంటేనే కాపలా. ఉదయగిరి కోటను కాచే దళాలు ఇక్కడ మకాం వేసేవని, అందుకే మా ఊరికి ఆ పేరొచ్చిందని పెద్దలు చెబుతారు. ఈ ఊళ్లోనే మాకు వరసకు పెదనాన్న అయ్యే ఒక రిటైర్డ్ సుబేదార్ ఉన్నారు. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతిలోకి పోయిన రాత్రి టీవీ చూస్తూ, "ఇదంతా నేను బట్టికలోవాలో చూసిందే అబ్బయా" అన్నారు. బట్టికలోవా శ్రీలంక తూర్పు తీరంలోని ఊరు.

1987 జులై 29న శ్రీలంకతో ఒప్పందం కుదిరాక మన శాంతిసేన అక్కడికి వెళ్లింది. 1989లో సేన వెనక్కి రావడం ఖాయమైంది. అక్కడి ఈశాన్య ప్రావిన్సును ఏలుతున్న తమిళ పార్టీ ఈపీఆర్ఎల్ఎఫ్ తన పాలనను కాపాడుకోవడానికి హడావుడిగా 'తమిళ జాతీయ సైన్యం' తయారుచేసింది. ఆయుధాలు మనవి. చేరినవాళ్లలో చాలామంది మాత్రం బలవంతంగా పట్టుకొచ్చిన కుర్రాళ్లు. అలాంటి ఒకడు పెదనాన్నకు ఇప్పటికీ గుర్తే. యూనిఫాం చొక్కా మోకాళ్ల దాకా వేలాడుతోందట. తుపాకి శుభ్రం చేయడం చూపిస్తుంటే, "నేనిక్కడున్నానని మా అమ్మకు చెబుతారా?" అని అడిగాడట. పెదనాన్నకు వచ్చిన కాస్త తమిళానికి ఆ మాట అర్థమైంది. మన జవాన్లు ఖాళీ చేసిన చోటల్లా ఈపీఆర్ఎల్ఎఫ్‌కు శత్రువైన ఎల్టీటీఈ ఆ సైన్యాన్ని ఊడ్చేసింది. 1990 మార్చి 24న మన ఆఖరి దళం ఓడెక్కేసరికి అది లేనట్టే.

అఫ్గానిస్థాన్‌లో సైన్యం కట్టడానికి తొందరేమీ లేదు. 20 ఏళ్ల టైముంది, అమెరికా ఒక్కటే దాదాపు 8,800 కోట్ల డాలర్లు పోసింది. కాగితం మీద సైనికులు, పోలీసులు కలిపి 3 లక్షల మంది. వాళ్లలో లేనివాళ్లెందరో! పేరుంటుంది, మనిషి ఉండడు, జీతం మాత్రం పైవాళ్ల జేబులోకి పోతుంది. ఉపాధి హామీలో దొంగ మస్టర్లు చూసిన మన జిల్లావాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఇరాక్‌దీ అదే జబ్బు. 2003లో అమెరికా పాత సైన్యాన్ని రద్దుచేసి కొత్తది కట్టింది. 2014 జూన్‌లో మోసుల్ నగరాన్ని ఐసిస్‌కు వదిలేసి ఆ సైన్యం పారిపోయింది. 50 వేల మంది ఉత్తుత్తి సైనికులు తేలారని ఆ ఏడాది చివర్లో ప్రధాని అల్ అబాదీయే ఒప్పుకున్నారు.

2009లో అఫ్గాన్ పోలీసులు కొందరికి జీతం నేరుగా మొబైల్‌కి పంపి చూశారు. జీతం పెరిగిందని వాళ్లు సంబరపడ్డారు. పెరగలేదు. అప్పటిదాకా మధ్యలోవాళ్లు తినేసినది మొదటిసారి చేతికందింది, అంతే. చేతికొచ్చేదాంట్లోనే కోత పడుతుంటే ఏ నమ్మకంతో కొండమీద చెక్‌పోస్టులో కూర్చుంటారు?

అయినా వాళ్లను పిరికివాళ్లు అంటే నాకు కోపమొస్తుంది. 2014 నుంచి 45 వేల మందికి పైగా భద్రతా సిబ్బంది చనిపోయారని 2019 జనవరిలో అధ్యక్షుడు ఘనీ చెప్పారు. విమానాలు, హెలికాప్టర్లు రిపేర్ చేసేది విదేశీ కాంట్రాక్టర్లు. అమెరికా, తాలిబన్లు 2020 ఫిబ్రవరిలో కుదుర్చుకున్న దోహా ఒప్పందం ప్రకారం సైన్యంతోపాటు వాళ్లూ వెళ్లిపోయారు. మారుమూల పోస్టులకు తిండి, తూటాలు అందలేదు. పైగా అంతకుముందు, సోవియట్ సేన 1989 ఫిబ్రవరిలో వెళ్లిపోయినా వాళ్లు కాబూల్‌లో నిలబెట్టిన నజీబుల్లా ప్రభుత్వం మూడేళ్లు నిలిచింది. మాస్కో డబ్బు ఆగిపోయాకే, 1992 ఏప్రిల్‌లో పడింది.

శిక్షణ కన్నా ముందు తేలాల్సింది జీతం ఎవరిస్తారు, జవాబు ఎవరికి చెప్పాలి అన్నదే. మన దగ్గర పాళెగాళ్ల కాలంలో ఊరి కావలివాళ్లకు రైతులే కళ్లంలో పంటలో వాటాగా మేర కొలిచి ఇచ్చేవాళ్లు. దొంగతనం జరిగి సొమ్ము దొరక్కపోతే ఆ నష్టం కావలివాళ్లే కట్టాలి. ఆ పేరుతో ఊళ్లను పీడించినవాళ్లూ ఉన్నారు, దాన్ని కప్పిపుచ్చను. ఈస్టిండియా కంపెనీ ఆ పద్ధతి తీసేసి 1802లో దరోగాలను, అంటే జీతమిచ్చే పోలీసు అధికారులను, పెట్టింది. ఊరితో సంబంధం లేని దరోగాలతో పని జరగక, 1816లో మళ్లీ గ్రామ పెద్దలను, తలారులనే నమ్ముకుంది.

కాబూల్ పడ్డాక తాలిబన్లు క్షమాభిక్ష ప్రకటించారు. అయినా 2023 జూన్ ఆఖరు నాటికి మాజీ సైనికులు, అధికారుల హత్యలు 218 జరిగాయని ఐక్యరాజ్య సమితి లెక్కతేల్చింది. ఆ వార్త పెదనాన్నకు నేనే చదివి వినిపించాను. ఆ చొక్కా కుర్రాడి ఊరేదో ఆ రోజు అడగలేదని, అడిగుంటే వాళ్లమ్మకు కబురైనా చేసేవాణ్ణని అన్నారు.