వేడెక్కాక స్లోలో ఆగిపోయే కారు: అపోహలు - వాస్తవాలు

మార్చి దాటితే కర్నూలులో మా షెడ్డుకు ఒకే రకం ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తుంది. పొద్దున సెల్ఫ్ కొడితే బండి బ్రహ్మాండంగా స్టార్ట్ అవుతుంది, హైవే మీద ఏ ఇబ్బందీ ఉండదు. బాగా వేడెక్కాక రాజ్‌విహార్ సిగ్నల్ దగ్గర ఆక్సిలేటర్ మీద కాలు తీయగానే, స్లోలో (ఐడిల్‌లో) ఆగిపోతుంది. వెనకాల హారన్లు, పక్కన ఇంట్లోవాళ్లు, చెమటలు. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. నాకు కోపం తెప్పించేది ఆ ఫిర్యాదుతో పాటు వచ్చే మాట: "ఈసీఎం పోయిందంటన్నా, మార్చాలంట." ఈసీఎం అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్.

అపోహ: స్కానర్‌లో కోడ్ ఏమీ రాలేదు, కాబట్టి ఈసీఎం పోయినట్టే.

జనం డబ్బు అన్నిటికంటే ఎక్కువ తగలేస్తున్నది ఈ ఒక్క మాటే. కోడ్ అంటే ఈసీఎం రాసుకునే లోపం నంబరు, స్కానర్ దాన్ని చదువుతుంది. కోడ్ రాలేదంటే, ఏ సెన్సార్ విలువా దానికి పెట్టిన హద్దు దాటలేదని మాత్రమే అర్థం. హద్దు లోపలే తప్పుగా చూపిస్తున్న సెన్సార్‌ను ఈసీఎం చాలాసార్లు పట్టుకోలేదు. చాలా లోపాలు వరుసగా రెండు ప్రయాణాల్లో కనిపిస్తే తప్ప మీటర్‌లో చెక్ ఇంజిన్ లైట్ వెలగదు. ఇంజిన్‌కు గాలి వదిలే త్రాటిల్ బాడీలో పేరుకున్న కార్బన్‌ను కొలిచే సెన్సారే బండిలో లేదు. ఇంకో సంగతి, బండిని రాత్రంతా షెడ్డులో ఉంచి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్కానర్ పెట్టి "ఏమీ లేదు" అంటే ఏం లాభం? వేడిలో వచ్చే జబ్బును వేడిలోనే చూడాలి.

ఈసీఎం అసలు పోదని నేను అనను. నీళ్లు దిగితే పోతుంది, లోపల సోల్డర్ విడిస్తే వేడికి మొరాయిస్తుంది. కానీ దాని మీద చెయ్యి వేసే ముందు దానికి వచ్చే కరెంటు, ఎర్త్, వైరింగ్ మీటర్ పెట్టి చూడాలి. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక, చిట్టచివర అనుమానించాల్సిన వస్తువు అది.

అంతకంటే ముందు ఒక ప్రశ్న ఉంది. దీనికి స్కానర్ అక్కర్లేదు: బండి ఎలా ఆగింది? ఆర్‌పీఎం ముల్లు మెల్లగా దిగి, బండి వణికి, దగ్గి ఆగిందా? వెంటనే కొంచెం ఆక్సిలేటర్ తొక్కి సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయిందా? అయితే ముందు గాలి, ఇంధనం లెక్క చూడాలి. అలా కాకుండా స్విచ్ ఆపినట్టు టక్కున ఆగి, ఇరవై నిమిషాలో అరగంటో చల్లారే దాకా స్టార్ట్ కాలేదా? అప్పుడు ముందు ఇంజిన్ తిరగడాన్ని ఈసీఎంకు చెప్పే క్రాంక్ సెన్సార్‌నో, ఇంధన పంపునో, దానికి కరెంటు ఇచ్చే రిలేనో చూడాలి. ఈ రెండు దారులూ వేరు. ఇది అడగకుండానే సామాను పేరు చెప్పే మెకానిక్ దగ్గర మీ పర్సు తీయకండి.

బేతంచెర్ల నుంచి ఒక టీచర్ సార్ వచ్చారు. భార్యను డయాలసిస్‌కు కర్నూలు తీసుకురావడానికే పాత కారు కొన్నారు. వేరేచోట పంపు మార్చారు, స్పార్క్ ఇచ్చే కాయిల్స్ మార్చారు, ఆఖరుకు ఈసీఎం అన్నారు. "ఏమప్పా, అమ్మేసుకోమంటావా?" అని అడిగారు. ఆస్పత్రికి పోయే దారిలో బండి ఆగిపోతే ఆ మనిషి ఎంత నలిగిపోయి ఉంటారో ముఖంలోనే తెలుస్తోంది. "సార్, ఏమీ మార్చొద్దు, ముందు దీన్ని ఆగిపోనీండి" అన్నాను. స్కానర్ తగిలించి, ఏసీ వేసి, నంద్యాల చెక్‌పోస్ట్ దాకా పోయి వచ్చాం. వచ్చాక బానెట్ మూసి ఎండలోనే స్లోలో వదిలేశాం. కాసేపటికి టక్కున ఆగింది. వణుకు లేదు, దగ్గు లేదు. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతోంది, స్కానర్‌లో మాత్రం ఆర్‌పీఎం సున్నా. ఇంజిన్ తిరుగుతున్న సంగతే ఈసీఎంకు తెలియడం లేదు. తెలియకపోతే అది స్పార్కూ ఇవ్వదు, ఇంజెక్టర్లూ తెరవదు. గేర్‌బాక్స్ పక్కనున్న క్రాంక్ సెన్సార్ మీద తడిగుడ్డ పిండి పెట్టి కాసేపు ఆగి మళ్లీ కొట్టాం. ఈసారి రెండు వందల పైన ఆర్‌పీఎం కనిపించింది, బండి అందుకుంది. వైరు, కనెక్టర్ చూస్తే బాగానే ఉన్నాయి. సెన్సార్ లోపలి కాయిల్ వేడికి తెగుతోంది, చల్లారితే మళ్లీ కలుస్తోంది. కోడ్ ఒక్కసారి కూడా పడలేదు. కొత్త సెన్సార్ ఖరీదు, వాళ్లు చెప్పిన ఈసీఎం ధరలో పదో వంతు కూడా లేదు.

ఇక మెల్లగా వణికి ఆగే రకం. చల్లగా ఉన్నప్పుడు ఎందుకు రాదు అంటారు. చల్లటి ఇంజిన్‌కు ఈసీఎం ఇంధనం ఎక్కువ ఇస్తుంది, ఆర్‌పీఎం కూడా వెయ్యి పైన పెడుతుంది. ఆ ఎక్కువలో చిన్నచిన్న లోపాలు దాగిపోతాయి. కూలెంట్ 80, 90 డిగ్రీలకు చేరాక ఆర్‌పీఎం ఏడెనిమిది వందలకు దిగుతుంది, ఇంధనం కొలిచి ఇస్తుంది. అప్పుడు దాచుకోవడానికి ఏమీ మిగలదు. పైగా ఏసీ కంప్రెసర్ పడగానే ఇంకో బరువు.

ఇందులో ఎక్కువగా కనిపించేది త్రాటిల్ బాడీ కార్బన్. గాలి పైపు విప్పి చూస్తే ప్లేటు అంచు చుట్టూ నల్లటి రింగు ఉంటుంది, గోటితో గీకితే జిడ్డుగా వస్తుంది. స్లోలో గాలి పోవాల్సింది ఆ సన్నటి సందులోంచే. బేతంచెర్ల, డోన్ వైపు రాయి దుమ్ములో తిరిగే బండ్లకు ఎయిర్ ఫిల్టర్ సరిగ్గా కూర్చోకపోతే ఇంకా త్వరగా మురికి పడుతుంది. శుభ్రం చేయడం పెద్ద పని కాదు. కానీ ఎలక్ట్రానిక్ త్రాటిల్ అయితే ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా ప్లేటును వేలితో నొక్కకండి. శుభ్రం చేశాక స్కానర్‌తో ఐడిల్ రీలెర్న్ (స్లో లెక్కను ఈసీఎంకు మళ్లీ నేర్పడం) చేయించండి.

"కొత్త బ్యాటరీ వేసినప్పటి నుంచే ఆగిపోతోంది, బ్యాటరీ డూప్లికేట్" అనే అపోహకు మూలం కూడా ఇక్కడే ఉంది. కార్బన్ పేరుకునే కొద్దీ ఈసీఎం ప్లేటును కొంచెం కొంచెంగా ఎక్కువ తెరవడం నేర్చుకుంటుంది. బ్యాటరీ తీయగానే చాలా బండ్లలో ఆ లెక్క చెరిగిపోతుంది, ప్లేటు తక్కువ తెరుచుకుని గాలి చాలక బండి ఆగుతుంది. బ్యాటరీ కొట్టువాడి తప్పేమీ లేదు, అతనితో గొడవ పడకండి.

త్రాటిల్ శుభ్రంగా ఉంటే తర్వాత ఇంజిన్‌కు గాలి చేర్చే మ్యానిఫోల్డ్ పైపులు, ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి పంపే పీసీవీ పైపు ఎక్కడైనా గాలి లీకవుతున్నాయేమో, పర్జ్ వాల్వ్ ఎలా ఉందో చూడండి. పర్జ్ వాల్వ్ ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌కు పంపుతుంది, మామూలుగా ఇంజిన్ వేడెక్కాకే తెరుచుకుంటుంది. దాని కనెక్టర్ పీకేసి, స్లోలో క్యానిస్టర్ (ఆవిరిని పట్టి ఉంచే డబ్బా) వైపు పైపు తీసి వాల్వ్ మూతికి వేలు పెట్టండి. పీల్పు తగిలితే వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయినట్టే. డీజిల్ బండి అయితే పొగలో కొంత తిరిగి ఇంజిన్‌కు పంపే ఈజీఆర్ వాల్వ్ చూడండి. గ్యాస్ కిట్ వేయించిన బండిలో, కిట్ కోసం కోసిన పైపుల జాయింట్లు ముందు చూడండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"మన ఎండలకు థర్మోస్టాట్ తీసేస్తే మంచిది." వద్దు. ఇంజిన్ వేడెక్కే దాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపేది అదే. అది లేకపోతే ఇంజిన్ ఉండాల్సిన వేడికి త్వరగా చేరదు, ఈసీఎం ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. బండి ఓవర్‌హీట్ అవుతుంటే ఫ్యాను, రేడియేటర్ చూడాలి గానీ ఇది కాదు.

"ఎండకు పైపులో పెట్రోల్ ఆవిరైపోతోంది." అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో నిజమే. పంపు ఇంజిన్ పక్కనే ఉండి పెట్రోల్‌ను పీల్చేది, డ్రైవర్లు దానికి తడిగుడ్డ చుట్టేవారు. ఇప్పటి చాలా పెట్రోల్ కార్లలో పంపు ట్యాంకులోనే ఉండి మూడు బార్‌లకు అటూఇటూ ప్రెజర్‌తో తోస్తుంది. అందులో ఇది చాలా అరుదు. ప్రెజర్ గేజ్ పెట్టకుండా ఈ మాట నమ్మకండి.

"అంతా ఈ20 పెట్రోల్ వల్లే." ఈ20 అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఒక పాలు పెట్రోల్ పూర్తిగా మండాలంటే బరువు లెక్కన 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 పాళ్లు చాలు. కాబట్టి ఈ20కి ఇంధనం కాస్త ఎక్కువ కొట్టాలి, ఆ సర్దుబాటు ఈసీఎం చేసుకుంటుంది. అప్పటికే గాలి లీకు ఉన్న బండికి మాత్రం ఇది అదనపు భారం అవుతుంది. పాత బండ్లలో రబ్బరు పైపులు చూపించుకోవడం మంచిదే. లీకు బాగుచేయకుండా పెట్రోల్‌ను తిట్టుకుంటూ కూర్చుంటే బండి ఆగుతూనే ఉంటుంది.

"స్క్రూ తిప్పి రేస్ పెంచితే సరి." త్రాటిల్ స్టాప్ స్క్రూ కంపెనీలో సెట్ చేసి వచ్చింది, దాన్ని ముట్టుకోకండి.

బండి నడుస్తుండగా ఆగితే భయపడకండి. బ్రేక్‌లు పోవు, బూస్టర్‌లో ఒకటి రెండు తొక్కులకు సరిపడా శక్తి మిగిలి ఉంటుంది. కాబట్టి బ్రేక్‌ను పంపు కొట్టినట్టు కొట్టకుండా ఒకేసారి గట్టిగా తొక్కి పట్టుకోండి. స్టీరింగ్ బరువెక్కుతుంది, రెండు చేతులతో తిప్పితే తిరుగుతుంది. తాళంచెవి మాత్రం బయటికి లాగకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది. పక్కకు తీసి, హజార్డ్ లైట్లు వేసి, ముల్లు ఎలా పడిందో, ఏసీ ఆన్‌లో ఉందో లేదో, మళ్లీ ఎంతసేపటికి స్టార్ట్ అయిందో ఫోన్‌లో రాసి పెట్టుకోండి. వీలైతే వీడియో తీయండి. మెకానిక్‌కు ముందు అదే చూపించండి.