మెటాడోర్ ఇంజన్ ఎక్కించిన అంబాసిడర్ ‘వింటేజ్’ కిందికి వస్తుందా?

2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ మోటారు వాహనాల నిబంధనల్లో ‘వింటేజ్’ వాహనాలకంటూ విడిగా ఒక భాగం చేర్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, సొంతానికి వాడే కార్లు, ద్విచక్ర వాహనాలు ఇందులోకి వస్తాయి. అంతవరకు బాగానే ఉంది. దాని వెనకే ఒక షరతు పెట్టారు: బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌లోగానీ బాడీ షెల్‌లోగానీ ఇంజన్‌లోగానీ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. మన దేశంలో యాభై ఏళ్లు బతికిన కార్లలో చాలావాటికి అడ్డం పడుతున్నది ఈ షరతే. ఎందుకు పడుతున్నదో తెలియాలంటే ఆనాటి మెకానిక్ షెడ్ల సంగతి తెలియాలి.

మారుతి రాక ముందు కారంటే అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, స్టాండర్డ్. కొత్తది కావాలంటే బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. దిగుమతులకు లైసెన్సు కావాలి కాబట్టి మారిస్, డాడ్జ్, షెవర్లే లాంటి విదేశీ బండ్ల స్పేర్లు దొరికేవి కావు. ఇంజన్ ఒకటికి రెండుసార్లు బోరు చేయించాక ఇక లాభం లేదనుకుంటే ఇంకో ఇంజన్ ఎక్కించడమే దారి. పెట్రోలుకూ డీజిలుకూ ధరలో ఉన్న తేడా దీనికి తోడైంది. టాక్సీ యజమానులు పెట్రోలు ఇంజన్లు దించేసి మెటాడోర్ వ్యాను డీజిల్ ఇంజన్లు బిగించుకున్నారు. హిందుస్థాన్ మోటార్స్ సంస్థే ఆ రోజుల్లో 1489 సీసీ డీజిల్ ఇంజన్‌తో అంబాసిడర్‌ను అమ్మడం మొదలుపెట్టింది. అది చూసిన పాత బండ్ల వాళ్లు పాత ఇంజన్ దించి అదే పెట్టించుకున్నారు. తర్వాత 90ల్లో ఇసుజు 1817 సీసీ ఇంజన్‌తో అంబాసిడర్ వచ్చింది, దాన్నీ పాత మార్క్ టూ మోడల్ అంబాసిడర్లలోకి దింపారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఇవన్నీ మామూలు పనులు. ఇవి ముచ్చటకు చేయించినవి కావు, బండి రోడ్డు మీద తిరగాలని చేయించినవి.

చట్టం కూడా అప్పట్లో వీటిని అంత గట్టిగా పట్టించుకోలేదు. 1989 జులైలో అమల్లోకి వచ్చిన 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ మొదటి రూపం చదివితే ఇప్పటివాళ్లకు ఆశ్చర్యం వేస్తుంది. బండిలో మార్పు చేయదలచుకున్న యజమాని రిజిస్టరింగ్ అధికారికి నోటీసు ఇవ్వాలి. ఏడు రోజుల్లో జవాబు అందకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. అదనపు సామాను తగిలించడం వల్లో తీసేయడం వల్లో బండి బరువు రెండు శాతానికి మించి మారకపోతే ఆ అనుమతి కూడా అక్కర్లేదు. అంటే ఆఫీసు మౌనంగా ఉంటే అంగీకరించినట్టే. ఆ నోటీసైనా ఎంతమంది ఇచ్చారు, ఇచ్చినవాళ్లలో ఎంతమంది ఆర్సీలో కొత్త ఇంజన్ నంబరు రాయించుకున్నారు అన్నది వేరే కథ. ఆ బద్ధకానికి ఇప్పుడు మూల్యం చెల్లిస్తున్నది ఆ బండ్లు కొనుక్కున్న రెండో తరం, మూడో తరం యజమానులు.

2000లో ఆ సెక్షన్‌ను తిరగరాశారు. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఆర్సీ వివరాలు మారేలా ఏ యజమానీ బండిని మార్చకూడదన్నారు. వేరే ఇంధనంతో నడవడానికి ఇంజన్‌ను మార్చుకోవడం, ఆమోదం ఉన్న కిట్లు బిగించుకోవడం లాంటి వాటికి మాత్రం షరతులతో దారి వదిలారు. అయినా ఈ మాటలకు రాష్ట్రానికో అర్థం చెప్పుకున్నారు. చివరికి కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చేసింది: తయారీదారు స్పెసిఫికేషనే ప్రమాణం. రంగు మార్చుకోవడం, చిన్నాచితకా అమరికలు ఫర్వాలేదు, మూల నిర్మాణం జోలికి పోకూడదు. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో 182ఏ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకూ యజమానికి రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

ఇలా గేట్లన్నీ మూసుకున్న తర్వాత వచ్చింది వింటేజ్ నిబంధన. ఒక రకంగా పాత కార్ల ప్రియులకు అది ఊరటే. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ల డీజిల్ బండ్లకు, పదిహేనేళ్ల పెట్రోలు బండ్లకు పడిన నిషేధం, ఆ వెంటనే తుక్కు విధానం చూసి వాళ్లు బెదిరిపోయి ఉన్నారు. కొత్త నిబంధన ప్రకారం నంబరు ప్లేటులో రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలు ఉంటాయి. మొదటి రిజిస్ట్రేషన్‌కు రూ.20,000 ఫీజు, పదేళ్ల గడువు, మళ్లీ చేయించుకుంటే రూ.5,000. ర్యాలీలు, ప్రదర్శనలు, సాంకేతిక పరిశోధన, మరమ్మతు, ఇంధనం నింపుకోవడం లాంటి పనులకే రోడ్డెక్కాలి. రోజూ ఆఫీసుకు వేసుకెళ్తామంటే కుదరదు.

డబ్బు లెక్క చూద్దాం. మామూలు రిజిస్ట్రేషన్‌తోనే ఉంచుకుంటే ఐదేళ్లకోసారి రెన్యువల్. కార్లకు రూ.600 ఉన్న ఈ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి రూ.5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో రూ.10,000 చేశారు. పదేళ్లకు రెండుసార్లంటే అదీ ఇరవై వేలే. తేడా తెలిసేది రెండో పదేళ్లలో: వింటేజ్‌కు ఐదు వేలు, మామూలు బండికి ఇప్పటి రేటు ప్రకారం మళ్లీ ఇరవై వేలు. ఇది కాక మోటారు వాహన పన్ను అసలు రాష్ట్రాల చేతిలో ఉంది. పదిహేనేళ్లు దాటిన బండికి గ్రీన్ ట్యాక్స్ ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఉంది. కేంద్రం ఇచ్చిన హోదా రాష్ట్ర పన్నును తనంతట తాను రద్దు చేయదు. కాబట్టి పన్ను మిగుల్తుందన్న ఆశతో వీఏ ప్లేటు వెంటపడే పని లేదు. ఇంజన్ మార్చిన బండికి అసలు ఇబ్బంది ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గరే ఎదురవుతుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీసుకున్నప్పుడు ఆర్సీలో ఉన్న అంకెలు ఒకటి, ఇంజన్ మీద ఉన్నవి ఇంకొకటి.

బీమాలో మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2002 నాటి మోటార్ టారిఫ్‌లో (బీమా రేట్లు, నిబంధనల పట్టికలో) వింటేజ్ కారంటే 1940 డిసెంబర్ 31లోపు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువీకరించిన కారు. దానికి ఓన్ డ్యామేజ్ (సొంత బండికి జరిగే నష్టం) ప్రీమియంలో 25 శాతం తగ్గింపు. అంటే 1960ల అంబాసిడర్‌కు ఆ తలుపు తెరుచుకోలేదు. 2022 జూన్ నుంచి అమలైన థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టం) బీమా నిబంధనలు, వింటేజ్‌గా రిజిస్టర్ అయిన ప్రైవేటు కారుకు ప్రీమియం 50 శాతం తగ్గించాయి. ఇప్పుడు పాత మార్క్ టూ అంబాసిడర్‌నే తీసుకోండి. దాని సొంత 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌తో ఉంటే, సీసీని బట్టి ఏడాదికి కట్టే ప్రీమియం శ్లాబు రూ.3,416, వీఏ ప్లేటుంటే రూ.1,708. అదే బండిలో ఇసుజు 1817 సీసీ ఇంజన్ ఉంటే హోదా పోతుంది, శ్లాబూ మారి రూ.7,897 అవుతుంది. జీఎస్టీ కలపకుండానే నాలుగున్నర రెట్లు పైన.

ఓన్ డ్యామేజ్ సంగతి ఇంకా చిక్కు. ఐదేళ్లు దాటినవి, తయారీ ఆగిపోయినవి అయితే బండి విలువను కంపెనీ, యజమాని మాట్లాడుకుని ఒప్పుకోవాలని ఆ టారిఫే చెప్పింది. ఆ ఒప్పందం ఆర్సీ వివరాల మీదే నిలబడుతుంది. ప్రమాదం జరిగాక సర్వేయర్ వచ్చి ఇంజన్ నంబరు కలవలేదని రాస్తే, లక్షలు పోసి రీస్టోర్ చేయించిన బండైనా క్లెయిమ్ వివాదంలో పడుతుంది.

ఈ సమస్య ఇతర దేశాల్లోనూ వచ్చింది, అక్కడ దారి కూడా కనిపెట్టారు. జర్మనీలో 1997 నుంచి 30 ఏళ్లు దాటిన కార్లకు ‘హెచ్’ ప్లేటు ఇస్తున్నారు, ఇంజన్ ఎంత పెద్దదైనా ఏడాదికి 191.73 యూరోల పన్ను. అక్కడ ఆనాటి మార్పును తప్పుగా చూడరు. కారు కొత్తగా ఉన్న తొలి పదేళ్లలో ఎలాంటి మార్పులు వాడుకలో ఉన్నాయో అలాంటివే అయితే ఒప్పుకుంటారు. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కార్లకు రోడ్డు పన్ను లేదు. 2018లో ఏటా చేసే ఎంఓటీ (వాహన ఫిట్‌నెస్) పరీక్ష నుంచి వాటిని మినహాయించినప్పుడు, గత 30 ఏళ్లలో పెద్ద మార్పులు చేసినవాటినే పక్కన పెట్టారు. 1982లో ఎక్కించిన మెటాడోర్ ఇంజన్‌ను ఈ రెండు దేశాల్లోనూ కనీసం పరిశీలనకు తీసుకునేవారు. మన నిబంధనలో ‘ఎప్పుడు మార్చారు’ అన్న ప్రశ్నే లేదు. నా దృష్టిలో ఆ నిబంధనలో పెద్ద లోటు ఇదే.

బాడీ విషయంలో చిక్కు మరీ వింతైనది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం వారి 1912 రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ లాంటి కార్లకు కంపెనీ ఇచ్చింది ఛాసిస్, ఇంజన్ మాత్రమే. బాడీ వేరే కోచ్‌బిల్డర్ కట్టాడు. అలాంటి వాటిని సంస్థానాలు మధ్యలో ఇంకో బాడీతో మార్పించుకున్న సందర్భాలూ ఉన్నాయి. వీటిలో ఏది అసలు రూపమో ఆర్టీఓ కౌంటర్ దగ్గర తేలే విషయం కాదు.

కొత్తగా ఇంకో గుంపు తయారవుతోంది. పాత పద్మినికి ఆమోదం ఉన్న ఎలక్ట్రిక్ కిట్ పెట్టించుకుని, ఆర్సీలో రాయించుకుంటే 52వ సెక్షన్ ఇచ్చిన వెసులుబాటులోకి వస్తుంది, జరిమానా లేదు. కానీ వింటేజ్ నిబంధన ముందు అది ఇంజన్ మారిన బండే. తొలి మారుతి 800లకు 2033 డిసెంబర్‌లో యాభై నిండుతాయి. వాటిలో గ్యాస్ కిట్లు పెట్టినవి కొల్లలు. ఇంజన్ అదే ఉండి ఇంధనం మాత్రమే మారిన ఆ బండ్లను అసలు రూపం కింద లెక్కగడతారా లేదా అన్నది నిబంధనలో ఎక్కడా రాసి లేదు.