ఇంట్లో దాచుకున్న ఫోటోలు: అపోహలు, వాస్తవాలు

పాత ఫోటోల మరమ్మతు నా వృత్తి. నా వద్దకు వచ్చే వాటిలో ఎక్కువ భాగం నిర్లక్ష్యం వల్ల కాక, ఎంతో శ్రద్ధగానే అయినా తప్పు పద్ధతిలో దాచడం వల్ల పాడైనవే కావడం నన్ను బాధిస్తుంది.

అపోహ: వెలుతురు తగలకుండా దాస్తే రంగులు వెలిసిపోవు.

వాస్తవం: నలుపు తెలుపు ఫోటోలో బొమ్మ వెండి రేణువులతో ఏర్పడుతుంది, రంగుల ఫోటోలో దాన్ని నిలిపేవి మూడు రసాయనిక రంగులు, అవి వేడికీ తేమకూ చీకటిలో కూడా క్షీణిస్తాయి. 1970, 80 దశకాల నాటి పెళ్లి ఫోటోలు ఎన్నడూ ఎండ చూడకపోయినా ఎర్రబారడానికి కారణం నీలి ఛాయనిచ్చే సయాన్ రంగు ముందుగా తగ్గిపోవడమే. అందువల్ల ఎండకు కాలే శ్లాబు కింది అటకనూ, వానకు చెమ్మెక్కే బయటి గోడనూ వదిలి, లోపలి గదిలోని బీరువా మధ్య అరను వాటికి కేటాయించాలి. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు పట్టే అవకాశం ఎక్కువ కనుక, కోస్తా జిల్లాల వారు మూత బిగుతుగా ఉండే పెట్టెలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు ఉంచి, వానాకాలంలో వాటిని మారుస్తూ ఉండాలి.

అపోహ: కలరా ఉండలు వేస్తే ఇక భయం లేదు.

వాస్తవం: వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. శుభ్రమైన పెట్టె, అప్పుడప్పుడు తెరిచి చూడటం అంతకంటే మేలు.

అపోహ: బంక పుటల ఆల్బంలో ఫోటో కదలదు కాబట్టి భద్రం.

వాస్తవం: ఆ బంక ఏళ్లు గడిచేకొద్దీ పసుపుబారి ఫోటో వెనుక భాగంలోకి ఇంకుతుంది, పైపొర పీవీసీ అనే ప్లాస్టిక్ అయితే దాని నుంచి వెలువడే ఆమ్లం బొమ్మనూ తాకుతుంది. తీసే ముందు ప్రతి పుటనూ ఉన్నది ఉన్నట్టుగా స్కాన్ చేయాలి, ఎందుకంటే ఏ ఫోటో పక్కన ఏది ఉందన్నది కూడా కుటుంబ చరిత్రే. తరువాత పళ్ల సందులు శుభ్రం చేసుకునే మైనం లేని దారాన్ని ఫోటో కింద నుంచి మెల్లగా అటూ ఇటూ జరుపుతూ విడదీయాలి. ఫోటో ఊడి రాకుండా మొండికేస్తే అక్కడే ఆపి వదిలేయాలి. చిరిగిన ముఖాన్ని ఎవరూ పూర్వస్థితికి తేలేరు. తీసినవాటిని పాలీప్రొపిలిన్ లేదా పాలియెస్టర్ కవర్లలో పెట్టవచ్చు.

అపోహ: గాజు వేసి పటం కట్టిస్తే చాలు.

వాస్తవం: గాజు నేరుగా ఫోటోను తాకితే, బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ అనే జిగురు పొర తేమకు దానికే అతుక్కుపోతుంది. పెద్దల పటాలకు తడి పూలదండలు వేస్తాం, తడి కుంకుమ బొట్టు పెడతాం. కనుక గోడకు నకలు తగిలించి, అసలు ఫోటోను పెట్టెలో ఉంచడం ఉత్తమం.

అపోహ: తడిసిన ఫోటోల కట్టను అలాగే ఎండబెట్టాలి.

వాస్తవం: 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ ఇళ్లను ముంచినప్పటి వంటి స్థితిలో చేయకూడని పని ఇదే. కట్టగా ఆరితే అవి ఒకే ముద్దవుతాయి. చల్లని మంచినీటిలో ఉంచి, రెండు రోజులు దాటకముందే ఒక్కొక్కటిగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి.

పేర్ల విషయంలో ఆలస్యం వద్దు. గుర్తుపట్టగల పెద్దలు ఉండగానే అడిగి రాసుకోవాలి. వెనుక బాల్ పెన్ను వాడితే ఆ గీత ముందువైపు ఉబ్బుతుంది. పాత కాగితపు ఫోటోల వెనుక అంచున మెత్తని పెన్సిల్‌తో రాయవచ్చు; ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం మీద పెన్సిల్ పట్టదు కాబట్టి, పేర్లను ముందుగా కవరు మీద రాసి, సిరా ఆరాక ఫోటోను లోపల పెట్టాలి.