డబ్బా మీద 200, గోడకు 16: మొదటి వెల్డింగ్ మిషన్‌పై అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం షాపు షట్టర్ సగం దించాక పరకాల వైపు నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. ఫోన్‌లో మూడు మిషన్ల ఫొటోలు చూపించి, "అన్నా, ఇంట్ల వాడుకానికి ఏది తీస్కోవాలె? పన్నెండు వేలున్నయి" అన్నాడు. ఫొటోలు తర్వాత చూద్దాం గానీ, బండి పెట్టే షెడ్డులో ప్లగ్గు ఎంతది తమ్మీ అని అడిగాను. తెల్లమొహం వేశాడు. బర్రెను కొని తెచ్చాక కొట్టం ఎక్కడ వేయాలా అని వెతుక్కున్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం.

ఇరవై ఏళ్లుగా హన్మకొండలో గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్లు, ట్రాలీ రిపేర్లు చేస్తున్నాను. ఈ మధ్య "నేనే చేసుకుంటా, మిషన్ ఏదో చెప్పు" అని వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. గిరాకీ పోతుందన్న బాధేమీ లేదు. వాళ్లలో కొందరు మళ్లీ నా దగ్గరికే వస్తారు, వేసుకున్న అతుకును కోయించుకోవడానికి. అందరి నోటా దాదాపు ఇవే మాటలు.

అపోహ: ఎన్ని ఆంప్స్ ఎక్కువుంటే అంత మంచి మిషన్

ఇంట్లో మీరు అతికేది ఏమిటో ముందు చూసుకోండి. కూలర్ స్టాండు, మంచం ఫ్రేము, కోళ్ల గూడు, గేటు కబ్జా (కీలు). వీటిలో చాలావరకు అంగుళం, అంగుళంన్నర స్క్వేర్ పైపే. 16 గేజ్ పైపు మందం 1.6 మిల్లీమీటర్లు. దానికి కరిగి అతుకుగా మారే 2.5 ఎంఎం వెల్డింగ్ రాడ్డు, అదే షాపుల్లో 12 గేజ్ అంటాం, సరిపోతుంది. ఆ రాడ్డు 60 నుంచి 90 ఆంప్స్ మధ్య కాలుతుంది. 3.15 ఎంఎం రాడ్డు, మేం 10 గేజ్ అనేది, 90 నుంచి 130 దాకా తీసుకుంటుంది. మందం పట్టీలకో, ట్రాలీ ఛాసిస్‌కో తప్ప ఇంట్లో దాని అవసరం తక్కువ. 16 గేజ్ పైపు మీద 130 పెట్టి చూడండి, అతుకు పడే చోట బొక్క పడుతుంది. ఆ బొక్క పూడ్చబోతే పక్కన ఇంకోటి.

ఇప్పుడు గోడ వైపు లెక్క. 80 ఆంప్స్ దగ్గర ఆర్క్ మీద, అంటే రాడ్డు కొనకూ ఇనుముకూ మధ్య మండే మెరుపు మీద, సుమారు 23 వోల్టులు ఉంటాయి. రెండూ గుణిస్తే 1,850 వాట్లు. మిషన్ లోపల పోయేది కలుపుకుంటే మీటరు నుంచి 2,300 వాట్ల దాకా లాగుతుంది. చవక ఇన్వర్టర్ మిషన్లు (లోపల ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే చిన్న వెల్డింగ్ మిషన్లు) కరెంటును ఒక్కసారిగా గుంజి వదిలే రకం కాబట్టి వైరులో 14 ఆంప్స్ దాకా పారుతుంది. అంటే 16 ఆంప్స్ ప్లగ్గు ఇక్కడికే నిండిపోయింది. 200 ఆంప్స్ దగ్గర ఆర్క్ వోల్టేజ్ 28 పట్టుకుంటే అవే 5,600 వాట్లు. గోడ నుంచి 30 ఆంప్స్ పైనే కావాలి, కొన్ని మిషన్లకు 40 దాకా. మీ 16 ఆంప్స్ ప్లగ్గు మీద అది నడవదు. కాబట్టి 200, 250, 300 అని డబ్బా మీద ఎంత పెద్ద అంకె ఉన్నా మీ షెడ్డులో వాడగలిగేది ఆ మొదటి వంద లోపే. దానికోసం ఎక్కువ డబ్బు పెట్టకండి.

పెట్టాల్సింది డ్యూటీ సైకిల్ మీద. మిషన్ వెనక ప్లేటు మీద ఉంటుంది. 60 శాతం అని ఉంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు వెల్డింగ్, నాలుగు నిమిషాలు విశ్రాంతి అని అర్థం. మంచి కంపెనీలు ఇది 40 డిగ్రీల వేడిలో చూసి రాస్తాయి. మే నెలలో మన వరంగల్ రేకుల షెడ్డు కింద ఎంతుంటుందో నేను చెప్పక్కర్లేదు. అయినా ఇంటి పనికి దీని గురించి మరీ టెన్షన్ వద్దు. 2.5 ఎంఎం రాడ్డు ఒక నిమిషంలో అయిపోతుంది. తర్వాత అతుకు మీద గట్టిపడిన పెచ్చు కొట్టి, బ్రష్ పెట్టి, ఇంకో రాడ్డు తగిలించేలోపు మిషన్ దానంతటదే చల్లారుతుంది. ప్లేటు మీద డ్యూటీ సైకిల్ అంకే లేని మిషన్‌ను మాత్రం అక్కడే పెట్టేసి రండి.

అపోహ: ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉందిగా, ఎక్కడైనా పెట్టుకోవచ్చు

ఇది నేను చేసిన తప్పే. షాపు పెట్టిన కొత్తలో నర్సంపేటలో మా బావ ఇంట్లో గేటు సరిచేయడానికి వెళ్లాను. వాళ్ల ఇంట్లో ఫంక్షన్లకు వాడే ఎక్స్‌టెన్షన్, చక్రానికి చుట్టినది. కావాల్సింది నాలుగు మీటర్లే కదా అని అంతే లాగి, మిగతాది చుట్టలోనే వదిలేశాను. పదో రాడ్డుకో ఏమో ప్లాస్టిక్ వాసన వచ్చింది. చుట్ట లోపలి వరసలు ఒకదానికొకటి కరుచుకుపోయి బెల్లం పాకంలా ముద్దయ్యాయి. అక్క ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతుంది.

చుట్టలో ఉన్న వైరుకు వేడి పోయే దారి ఉండదు. పూర్తిగా విప్పి పరవాల్సిందే. విప్పినా సన్న వైరు సన్న వైరే. 0.75 ఎంఎం వైరు 30 మీటర్లు లాగి 14 ఆంప్స్ పంపిస్తే 20 వోల్టులు దారిలోనే పోతాయి. సాయంత్రం ఊళ్లో మోటార్లు నడిచే వేళ మామూలుగానే వోల్టేజ్ పడిపోయి ఉంటుంది. దాని మీద ఇది. రాడ్డు అతుక్కుపోతుంటే "రాడ్లు మంచివి కావు" అని షాపువాణ్ని తిడతారు.

మెయిన్ బోర్డు నుంచి షెడ్డుకు 4 ఎంఎం రాగి వైరు విడిగా లాగించి, దానికి సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు), సరైన ఎర్తింగ్ పెట్టించండి. ఎలక్ట్రీషియన్ కూలీతో కలిపి అయ్యే ఖర్చును మిషన్ ఖర్చులోనే వేసుకోండి. బిల్లు మీద మీ కనెక్షన్ ఒక కిలోవాట్ అని ఉంటే ఎన్‌పీడీసీఎల్ కరెంటు ఆఫీసులో లోడు పెంచమని దరఖాస్తు పెట్టుకోవాలి. ఇంటి మీటరు మీద నలుగురికి డబ్బులు తీసుకుని పని చేయడం మొదలుపెడితే అది వేరే కేటగిరీ, ఆ సంగతి కూడా గుర్తుంచుకోండి.

అపోహ: కరెంటు బిల్లు పేలిపోతుంది

గృహజ్యోతి జీరో బిల్లు వచ్చే ఇళ్లలో ఈ భయం ఎక్కువ, 200 యూనిట్లు దాటిపోతామేమోనని. ఇరవై రాడ్లు కాల్చారనుకోండి, ఇరవై నిమిషాల ఆర్క్. పైన చెప్పిన 2,300 వాట్ల లెక్కన ముప్పావు యూనిట్. ఆదివారం ఆదివారం చేసుకునే పనికి భయం అక్కర్లేదు.

అపోహ: పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషనే గట్టిది, ఇన్వర్టర్‌ది ఆర్నెల్ల ముచ్చట

ఇందులో సగం నిజం ఉంది. నా షాపులో మూలకున్న ఆయిల్ మిషన్ నా కంటే ముందు నుంచి ఈ పనిలో ఉంది. లోపల రాగి చుట్ట, నూనె తప్ప పాడవడానికి ఏమీ లేదు. కానీ దాన్ని జరపాలంటే నలుగురు కావాలి. అలాంటివి చాలావరకు రెండు ఫేజుల మీద, 415 వోల్టులతో నడిచేవి. మీ సింగిల్ ఫేజ్ ఇంట్లో పనికిరావు. సింగిల్ ఫేజ్‌వి దొరికినా రాడ్డు తగిలించిన ప్రతిసారీ ఇంట్లో లైట్లు, పక్కింటి టీవీ ఊగుతాయి. సెకండ్ హ్యాండ్‌లో ఎనిమిది వేలకు ఇస్తానన్నాడని ఎగబడకండి. లోపల చుట్ట రాగిదో అల్యూమినియందో విప్పితే గానీ తెలియదు.

ఇన్వర్టర్ మిషన్ ఐదారు కిలోలు, భుజానికి తగిలించుకుని పోవచ్చు. డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) ఇస్తుంది కాబట్టి కొత్తవాడికి ఆర్క్ నిలబెట్టడం తేలిక. అవి తొందరగా చచ్చిపోవడానికి నేను చూసినంతలో పెద్ద కారణం గ్రైండర్. ఒకే బల్ల మీద ఇటు గ్రైండింగ్, అటు మిషన్ ఆన్‌లో. ఫ్యాను ఆ ఇనుప పొడినంతా లోపలికి పీల్చి బోర్డు మీద పరుస్తుంది. ఒకరోజు టప్‌మంటుంది. గ్రైండింగ్ చేసేటప్పుడు మిషన్ ఆపి దూరంగా పెట్టండి. నెలకోసారి ప్లగ్గు తీసి బ్లోయర్ కొట్టండి. వాడనప్పుడు మూత ఉన్న డబ్బాలో పెట్టండి. ఒకసారి రిపేరుకు వచ్చిన మిషన్ విప్పితే బోర్డు మీద బల్లి మాడి అతుక్కుని ఉంది.

ఐదారు వేల నుంచి పది వేల లోపు ఇంటికి సరిపడే ఇన్వర్టర్ మిషన్ వస్తుంది. ఐదొందలు తక్కువని ఆన్‌లైన్‌లో పేరు తెలియనిది తెప్పించుకునే ముందు, అది పాడైతే వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో బాగుచేసేవాడు ఉన్నాడా అని కనుక్కోండి.

అపోహ: మిగ్ కొంటే నేర్చుకోవాల్సిన పనే లేదు

మిగ్ అంటే రాడ్డు బదులు తీగతో అతికే మిషన్. ట్రిగ్గర్ నొక్కితే తీగ వస్తుంది, నిజమే. దానితో పాటు గ్యాస్ సిలిండర్, రెగ్యులేటర్, రీఫిల్ కూడా వస్తాయి. గాలి వీచే చోట ఆ గ్యాస్ చెదిరిపోయి అతుకంతా జల్లెడ అవుతుంది. గ్యాస్ లేకుండా నడిచే ఫ్లక్స్ తీగ ఉంది గానీ, దానికి టార్చ్‌ను, అంటే చేతిలో పట్టుకునే పిడిని, మైనస్‌కు మార్చాలి. మార్చకుండా చిటపటలాడించి "మిషన్ బాలేదు" అని వాపసు ఇచ్చినవాళ్లున్నారు. కారు డోర్లు, సన్న రేకులు మీ ప్రధాన పనైతే మిగ్ కొనండి, నేను వద్దనను. గేటుకు, స్టాండుకు మామూలు రాడ్డు మిషన్ చాలు.

రాడ్డు, మిగ్, టిగ్ (ఆర్గాన్ గ్యాస్‌తో చేసే వెల్డింగ్) కలిపి త్రీ ఇన్ వన్ అని అమ్మేవాటిలో టిగ్ అంటే డీసీ టిగ్. ఆర్గాన్ సిలిండర్ మీరే తెచ్చుకోవాలి, అయినా అల్యూమినియం అతకదు. దానికి ఏసీ టిగ్ కావాలి, ధర మీ బడ్జెట్‌కు ఎన్నో రెట్లు.

అపోహ: రాడ్డు ఏదైనా ఒకటే

ప్యాకెట్ మీద 6013 అని నంబరున్న రాడ్డు కొనండి. మొదటి 60 అంటే అతుకు బలం, చదరపు అంగుళానికి 60 వేల పౌండ్లు. తర్వాతి 1 అంటే నేల మీద, నిలువుగా, తల మీద ఎటైనా వేయొచ్చని. చివరి అంకె పైపూత రకం. "గట్టిది కావాలె" అని 7018 కొనేవాళ్లుంటారు. దాన్ని వాడే ముందు ఓవెన్‌లో ఆరబెట్టాలి, ఆపి మళ్లీ మొదలుపెడితే ఓ పట్టాన అంటుకోదు. కొత్తవాడికి దానితో విసుగే.

రాడ్డును అగ్గిపుల్ల గీసినట్టు గీకి, వెంటనే రాడ్డు మందమంత ఎత్తులో ఆపాలి. పెనం మీద నూనె సన్నగా చిటపటలాడినట్టు ఆగకుండా శబ్దం వస్తుంటే సరిగ్గా నడుస్తోందని. గురకలా ఆగి ఆగి వస్తే ఆంప్స్ తక్కువ. సరిగ్గా పడిన అతుకు చల్లారుతుంటే పెచ్చు దానంతటదే ఒక చివర లేస్తుంది, చేత్తో తోస్తే వచ్చేస్తుంది. నాకు ఇన్నేళ్లయినా అది లేచే క్షణం చూడటం ఇష్టం.

వానాకాలం రాడ్ల ప్యాకెట్ విప్పి అలా వదిలేయకండి. మిషన్ నుంచి వచ్చే ఎర్త్ క్లాంపును ఇనుముకు తగిలించే చోట రంగు గీకేయండి. ట్రాక్టర్ మీదో బైక్ మీదో చేస్తుంటే బ్యాటరీ టెర్మినల్ తీసేసి, క్లాంపును అతుకు పక్కనే పెట్టండి. దూరంగా పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని తినేస్తుంది.

అపోహ: నల్ల కళ్లజోడు చాలు, పొగకు బెల్లం చాలు

పని నేర్చుకునే రోజుల్లో మేస్త్రి ట్యాక్‌లు (ముక్కలు కదలకుండా వేసే చిన్న చుక్క అతుకులు) వేస్తుంటే పైపు పట్టుకుని నిలబడేవాణ్ని. కళ్లు మూసుకుంటున్నా అనుకునేవాణ్ని గానీ సగం మూసేవాణ్ని. సాయంత్రం దాకా ఏమీ లేదు. అర్ధరాత్రి లేచేసరికి రెండు కళ్లలో ఇసుక పోసి రుద్దుతున్నట్టు. అమ్మ ఆలుగడ్డ చక్రాలు కోసి పెట్టింది. చల్లగా ఉంది, అంతే. అది ఎండకు చర్మం కమిలినట్టు కంటి పైపొర కమలడం. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, కానీ తగ్గేదాకా ఇంటి వైద్యం వద్దు, కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వరంగల్‌లో ప్రాంతీయ కంటి ఆసుపత్రే ఉంది.

ఎండ కళ్లజోడు దీనికి పనికిరాదు. గ్యాస్ వెల్డింగ్ కళ్లజోడూ చాలదు. అది 5 నంబర్ నలుపు, మనకు కావాల్సింది 10. పైగా కళ్లే కాదు, మొహం, మెడ కూడా కమలుతాయి. దానంతటదే నల్లబడే హెల్మెట్ వెయ్యి, పదిహేను వందలకు వస్తోంది. రాడ్డు ఎక్కడ తగులుతుందో కనిపిస్తుంది కాబట్టి నేర్చుకోవడం కూడా తొందరగా అవుతుంది. పిల్లలు చూడ్డానికి వస్తారు, వాళ్లను ముందు లోపలికి పంపండి.

జింకు పూత ఉన్న జీఐ పైపు కాలిస్తే తెల్లటి పొగ వస్తుంది, అది జింకు. ఎక్కువ పీలిస్తే రాత్రికి చలి, జ్వరం, నోట్లో ఇనుము నాకినట్టు రుచి. పని అయ్యాక బెల్లం ముక్కో, గ్లాసు పాలో తీసుకుంటే పొగ దిగిపోతుందని మా మేస్త్రులంతా నమ్మారు. మేడారంలో తల్లులకు బెల్లం బంగారమే గానీ, తిన్న బెల్లం కడుపులోకి పోతుంది, పీల్చిన పొగ ఊపిరితిత్తుల్లో ఉంటుంది. అతుకు చుట్టూ జింకు పూత గ్రైండర్‌తో తీసేసి, బయట గాలిలో, పొగ మీ మీదికి రాని వైపు కూర్చుని చేయండి. చొక్కా కాటన్‌దే వేసుకోండి. పాలిస్టర్ మీద రవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది.

పరకాల తమ్ముడికి లెక్క ఇలా రాసిచ్చాను: మిషన్ ఆరు వేలు, హెల్మెట్ పదిహేను వందలు, గ్రైండర్ రెండు వేలు, మిగిలిన రెండున్నర వేలు వైరు, ఎంసీబీ, చేతి గ్లవ్స్, ఒక ప్యాకెట్ 6013. కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. షట్టర్ దాకా పోయి వెనక్కి తిరిగి, "అన్నా, మా బండి ట్యాంకు కింద సన్నగ కారుతాంది. పెట్రోల్ మొత్తం తీసేసిన, ఖాళీదే. మొదాలు దాని మీదనే నేర్చుకుంటా" అన్నాడు.

కూర్చోమన్నాను మళ్లీ. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం. పెట్రోల్ పోయినా దాని ఆవిరి గాలితో కలిసి లోపలే ఉంటుంది, ఒక్క రవ్వ చాలు పేలడానికి. డీజిల్ డ్రమ్ము, పెయింట్ డబ్బా కూడా అంతే. ఇరవై ఏళ్లలో నేను ఒక్క ట్యాంకు ముట్టలేదు. ట్యాంకు మార్చుకోమన్నాను. నేర్చుకోవడానికి షాపు వెనక తుక్కులోంచి స్క్వేర్ పైపు ముక్కలు పదిహేను ఏరి, సంచిలో వేసి ఇచ్చాను.